ఇచ్చువాడను నేనే

జనవరి 20, మంగళవారం

మా మెర్సీ పెళ్ళికి ఒప్పుకుంది! దేవునికి స్తోత్రం! స్తోత్రం, స్తోత్రం, ఎన్ని రాసినా చాలదు.

శ్యాంబాబునే. ఇంకెవరిని? మండపేట సంపూర్ణమ్మ గారి అబ్బాయి శ్యాంబాబునే! ఇరవై ఏళ్ళ కిందట ఏ కుర్రాడి పేరు మా ఇంట్లో ఎత్తకూడదని అనుకున్నామో ఆ కుర్రాడినే. కుర్రాడేమిటిలే, జుట్టు నెరిసింది. మా పిల్లకీ నెరిసింది, రంగు వేస్తుంది.

ఈ డైరీ మెర్సీ తెచ్చి ఇచ్చింది. మందుల కంపెనీ వాళ్ళు రాజమండ్రిలో వాళ్ళ ఆసుపత్రి నర్సులకి పంచారట. గొంతుకి విశ్రాంతి ఇవ్వమన్నారు కదా, మాట్లాడాలనిపిస్తే ఇందులో రాసుకో నాన్నా అంది. ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఇవాళ కడియపులంక సెంటర్లో నిలబడి అరవాలని ఉంది. అరవలేను గనక రాస్తున్నాను.

నర్సరీలో లారీలు వెనక్కి తీయించేవాణ్ణి నేను. "రానీ, రానీ, రానీ, ఆపూ!" అంటే రోడ్డు మీద పోతున్న వేరే లారీలు కూడా ఆగిపోయేవి. యెహెజ్కేలు అరిస్తే మొక్కకి వేరు పుడుతుంది అనేవారు. ఇప్పుడు నా గొంతు తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది. క్రిస్మస్ పాటలు ఎక్కువ పాడాను, అందుకే.

ఎలా జరిగిందంటే, శ్యాంబాబు ఈ మధ్య రోజూ ఏదో ఒక వంకతో వస్తున్నాడు. ఒకరోజు నా జావకి రాగిపిండి. ఒకరోజు మా చేతిపంపుకి వాషరు. ఇవాళ గులాబీ మొక్క. కడియపులంకకి గులాబీ మొక్క తేవడమంటే గోదావరికి బిందెతో నీళ్ళు మోసుకెళ్ళడమే. మెర్సీ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పుతూ చూసింది.

"మా ఊళ్ళో మొక్కలు అయిపోయాయని ఎవరన్నా చెప్పారా నీకు?"

"ఉన్నాయనుకోండి మేడంగారూ. ఇది మండపేట మొక్క. చెప్పిన మాట వింటుంది."

"నీలాగ కాదన్నమాట."

"మెర్సీ, నా దగ్గర వంకలు అయిపోయాయి. రేపు ఏం తేవాలో నిజంగా తెలీట్లేదు. పెళ్ళి చేసేసుకుందామా?"

నేను లోపల కిటికీ పక్కన. దగ్గు వచ్చింది, మింగేశాను.

"మీ అమ్మ మళ్ళీ నన్ను ముంచుతానంటే?"

"ముంచనివ్వను."

"అప్పుడూ అదే అన్నావు."

"అప్పుడు అమ్మంటే భయం. ఇప్పుడు అమ్మకంటే నాకే మోకాళ్ళ నొప్పులు ఎక్కువ."

మా పిల్ల నవ్వింది. వాళ్ళమ్మ పోయాక ఆ నవ్వు వినలేదు నేను. నవ్వి, "నీళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మీ అమ్మ సంగతి చూసుకో" అంది.

ఒప్పుకోవడం అంటే అదే! శ్యాంబాబుకి అర్థం కాలేదు, మొక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను బయటికొచ్చి వాడి వీపు మీద చరిచాను.

జనవరి 21, బుధవారం

నిద్రలేచినప్పటి నుంచీ సంతోషమే.

ఆ నీళ్ళ గొడవ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మేము లూథరన్లం. పసిబిడ్డ నుదుటి మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇచ్చేస్తాం. వాళ్ళు బాప్టిస్టులు. పెద్దయ్యాక నిండా ముంచి లేపితేనే బాప్తిస్మం, లేకపోతే లెక్కలోకి రాదు. మా వాళ్ళు వాళ్ళని ముంచినోళ్ళంటారు. వాళ్ళు మమ్మల్ని చల్లినోళ్ళంటారు. అప్పట్లో సంపూర్ణమ్మ గారు, పిల్లని మళ్ళీ ముంచితేనే కోడలు అని కూర్చుంది. మా ఆవిడ కరుణమ్మ ఊరుకునే మనిషా! "నా కూతురేమన్నా మినప్పప్పా, నానబెట్టడానికి?" అంది. అంతే. ఎటు చూసినా కాలువలే ఉన్న ఈ సీమలో నీళ్ళ దగ్గర పెళ్ళి ఆగిపోయింది. పిల్లలిద్దరూ ఇంకెవర్నీ చేసుకోలేదు.

మళ్ళీ కలిపింది నా గొంతే. డిసెంబరులో కాకినాడ ఆసుపత్రికి వెళ్ళి తిరిగి వస్తుంటే బస్సు లేదు. మొక్కల వ్యాను ఒకటి మమ్మల్ని దాటిపోయి, ఆగి, వెనక్కి వచ్చింది. "మావయ్యగారూ, ఎక్కండి" అన్నాడు శ్యాంబాబు. "ఎవరికి మావయ్య?" అంది మెర్సీ. నేను మొక్కలు చూసుకుంటూ వస్తానని చెప్పి వెనకాల క్రోటన్ల మధ్య కూర్చున్నాను. కావాలనే! చలేసింది కానీ ఫరవాలేదు. సామర్లకోట దాకా ముందు సీట్లో మాటల్లేవు. అనపర్తి దాకా పోట్లాట. "ఒక్క ఫోను చేశావా?" "నంబరు మార్చుకున్నదెవరు?" ద్వారపూడి దాటాక మెర్సీ గట్టిగా అంది, "ఇందాకట్నించీ హ్యాండ్ బ్రేకు వేసుకునే నడుపుతున్నావు, కాలిన వాసన రావట్లేదా నీకు?" తర్వాత ఇద్దరూ నవ్వడం వినిపించింది. నేను క్రోటన్ల మధ్య ప్రార్థన చేసుకున్నాను.

ఆ రోజు కాకినాడలో డాక్టరమ్మ చెప్పిన మాట కూడా రాయాలి కాబోలు. గొంతులో గడ్డ ఉంది. మాట వచ్చే పెట్టె మొత్తం తీసేయాలి. తర్వాత మెడకి ముందు ఒక రంధ్రం, దానిలోంచే గాలి. మాట ఉండదు. ఫిబ్రవరి రెండున చేరమంది.

చేరతాను. ఎవరు కాదన్నారు? కానీ మా పెళ్ళి ఆరాధనలో ఒక చోట అయ్యగారు అడుగుతారు: "ఈ కుమార్తెను ఇచ్చువారెవరు?" పిల్ల తండ్రి లేచి "ఇచ్చువాడను నేనే" అనాలి. తండ్రికి ఆ పెళ్ళి మొత్తంలో ఉన్నది ఆ ఒక్క మాటే. ఎన్ని పెళ్ళిళ్ళలో వెనక బెంచీలో కూర్చుని, వేరే తండ్రులు గొణుగుతుంటే, నేనైతే ఎలా అంటానో మనసులో అనుకున్నానో! గుడి పెంకులు లేచిపోయేలా అంటాననుకునేవాణ్ణి.

గొంతు ఉండగానే పెళ్ళి కావాలి. పెళ్ళయిన మర్నాడు కోసుకోమనండి, మెడ చాపుతాను.

జనవరి 22, గురువారం

మెర్సీ ఒప్పుకోవడం లేదు. పెళ్ళికి కాదు, తొందరకి.

"ముందు ఆపరేషన్. పెళ్ళి ఈస్టర్ తర్వాత చేసుకుంటాం. ఇన్నేళ్ళు ఆగాం, ఇంకో రెండు నెలలు ఆగలేమా?"

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా శ్రమకాలం, మా గుడిలో పెళ్ళిళ్ళు చేయరు. ఈసారి భస్మ బుధవారం ఫిబ్రవరి పద్దెనిమిదినే వచ్చేసింది. దానికి ముందు మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి ప్రకటన చదవాలి. ఈ ఆదివారం మొదలుపెడితేనే సరిపోతుంది.

"నాన్నా, అది జలుబు కాదు. క్యాన్సర్."

ఆ మాట మా ఇంట్లో అనొద్దని పలక మీద రాసి చూపించాను. పలక విసిరేసింది. తర్వాత తనే తీసి తుడిచింది.

సాయంత్రం డాక్టరమ్మకి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. నా దగ్గరికొచ్చి, "ఫిబ్రవరి పదహారు దాకా ఆగుతామన్నారు. ఊపిరి ఏమాత్రం కష్టమైనా వెంటనే తీసుకురమ్మన్నారు. చలిలో తిరగకూడదు. గొంతులోకి నీళ్ళు పోకూడదు. మాట్లాడకూడదు. పెళ్ళి రోజున ఆ ఒక్క మాట, అంతే. ఒట్టు వెయ్యి" అంది.

మేం ఒట్లు వేయం. తల ఊపాను.

ఫిబ్రవరి 12, గురువారం! పెళ్ళి ఫిబ్రవరి 12!

జనవరి 25, ఆదివారం

మొదటి ప్రకటన చదివారు. సాల్మన్ అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, "కుమారి మెర్సీ" అనగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటే గుసగుస. "ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల తెలియజేయవలెను" అన్నారు. ఎవరికుంటుంది! నేను వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాను. ఉంటే చెప్పండి చూద్దాం అన్నట్టు.

జనవరి 28, బుధవారం

సంపూర్ణమ్మ గారు వచ్చింది. మెర్సీ డ్యూటీలో ఉంది. శ్యాంబాబు లోడు వేసుకుని బరంపురం వెళ్ళాడు. అది చూసుకునే వచ్చింది.

మనిషి తగ్గింది, కానీ కూర్చోవడం మాత్రం అదే కూర్చోవడం. కుర్చీ చూపిస్తే బల్ల మీద కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీ పిల్ల మీద నాకేం కోపం లేదండి. బంగారం లాంటి పిల్ల. కానీ చల్లిన పిల్లని ఇంట్లోకి తెచ్చుకుని రేపు దేవుడి దగ్గర ఏం చెప్పను? వచ్చే ఆదివారం మీ గుడికి వస్తాను. అభ్యంతరం ఎవరికన్నా ఉందా అని అడుగుతారు కదా. లేచి నిలబడతాను."

"చెల్లెమ్మా, ఈ వయసులో..." అన్నాను. మిగతాది రాలేదు.

"ఏంటండీ ఆ గొంతు?"

"జలుబు."

నిజం చెబితే జాలిపడి ఒప్పుకునేదేమో. జాలి మీద నా కూతుర్ని ఇవ్వను. ఎవరికీ చెప్పొద్దని శ్యాంబాబు చేత ముందే మాట తీసుకున్నాను.

ఆవిడ లేచి నిలబడితే విచారణ చేయాలి. విచారణ అంటే ఒక ఆదివారం పోతుంది. ఒక ఆదివారం పోతే ఆపరేషన్, దాని వెనకే శ్రమకాలం వచ్చి పడతాయి. ఈస్టర్ నాటికి నాకు మాట ఉండదు.

అప్పుడు నోట్లోంచి అదే వచ్చేసింది. దేవుడే అనిపించాడు. "పిల్ల బదులు నేను మునుగుతాను."

ఆవిడ నోరు తెరిచింది. ఆలోచించింది. బల్ల మీద వేలితో ఏదో గీసింది. అంది కదా, "ఇంటి పెద్ద మునిగితే ఇల్లంతా మునిగినట్టేనండి."

"కొంప మునిగినట్టేనా?" అన్నాను.

నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది. ఆవిడే మంచినీళ్ళు ఇచ్చింది. మంచి మనిషి! మేమిద్దరం ఇరవై ఏళ్ళ కిందటే ఇలా నవ్వుకుని ఉంటే నాకీపాటికి మనవలుండేవారు.

శనివారం పొద్దున్న. మెర్సీకి చెప్పకూడదు.

జనవరి 31, శనివారం

అయిపోయింది!

మండపేట కాలువ రేవు. మంచు ఇంకా విడలేదు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా సంపూర్ణమ్మ గారే తెచ్చింది. వాళ్ళ పాస్టరుగారు చిన్నవాడు, నన్ను చూసి జంకాడు. "పెద్దాయనా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. నడుం లోతుకి దిగాం. కాళ్ళ కింద బురద మెత్తగా, పట్టు లేదు. ఆయన నా ముక్కు మూసి వెనక్కి వాల్చాడు. ముక్కు మూశాడు కానీ నేను నోరు మూసుకోలేదు. ఆ సమయంలో స్తోత్రం అనాలనిపించింది. స్తోత్రం సగంలో ఉండగా నీళ్ళు.

కాసేపు ఊపిరి ఆడలేదు. గట్టు మీద కూర్చోబెట్టి వీపు రుద్దారు. సంపూర్ణమ్మ గారు కొంగుతో తల తుడిచింది. "నా మాట నిలబెట్టారు అన్నయ్యగారూ. రేపు నేను లేవను. లేచినా పాటకే లేస్తాను" అంది.

అడ్డు తొలగిపోయింది!

ఫిబ్రవరి 1, ఆదివారం

రెండో ప్రకటన. సంపూర్ణమ్మ గారు మూడో బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంది. అభ్యంతరం అనగానే ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ దగ్గింది, అంతే.

బయటికొచ్చాక సాల్మన్ అయ్యగారు నన్ను పక్కకి పిలిచారు. ఎవరో చెప్పేశారు. "ఏంటి యెహెజ్కేలు గారూ, పసితనంలో మీకిచ్చిన బాప్తిస్మం ఏమైపోయింది, ఆవిరైపోయిందా?" అన్నారు. చాలా కోప్పడ్డారు. తల వంచుకుని నిలబడ్డాను. ఆ వెనకే మెర్సీ ఉంది. విన్నది.

ఇంటికి వచ్చాక నా వీపు మీద చెవి పెట్టి విన్నది. ఇంకోసారి విన్నది.

ఫిబ్రవరి 3, మంగళవారం

కొంచెం జలుబు. మంచు వల్ల. నీళ్ళ వల్ల కాదు.

ఫిబ్రవరి 4, బుధవారం

పెళ్ళి పందిరికి అరటిచెట్లు ఎవరివి బాగున్నాయో చూడాలి. లేచి తిరగలేకపోతున్నాను. కూర్చుంటే బాగానే ఉంది. పడుకుంటేనే.

ఫిబ్రవరి 9, సోమవారం

కాకినాడ ఆసుపత్రి. మంచం మీద ఆనించుకుని రాస్తున్నాను.

గురువారం పొద్దున్న ఊపిరి అందలేదు. ఈల వేసినట్టు శబ్దం. శ్యాంబాబు వ్యానులో మొక్కలన్నీ రోడ్డు మీదే దింపేసి నన్ను వేసుకుని వచ్చారు. మెర్సీ వెనకాల నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "తొందరగా పోనీ శ్యామ్, తొందరగా" అంటూనే ఉంది. ఈసారి హ్యాండ్ బ్రేకు వేసి లేదు.

గడ్డ వాచి దారి మూసుకుపోయిందట. కాలువ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి కూడా పోయాయట. మెడకి రంధ్రం అప్పుడే పెట్టేశారు. గొట్టం పెట్టారు. ఇప్పుడు గాలి బాగా ఆడుతుంది. ఇంత గాలి ఎన్నాళ్ళకి!

మాట లేదు. పెదవులు కదులుతాయి, ఏమీ రాదు. వాపు తగ్గితే చూద్దాం అంది డాక్టరమ్మ. అంటే వస్తుంది. పన్నెండు నాటికి వస్తుంది. వాపే కదా.

నిన్న గుడిలో మూడో ప్రకటన చదివారట. అభ్యంతరం ఎవరూ చెప్పలేదట.

ఫిబ్రవరి 10, మంగళవారం

సంపూర్ణమ్మ గారు వచ్చింది. శ్యాంబాబు నిజమంతా చెప్పేశాడు. మంచం పక్కన నిలబడి మెడలో గొట్టం వైపు చూసింది. కూర్చోమని చేయి చూపించినా కూర్చోలేదు.

"చెప్పకూడదా అన్నయ్యగారూ! ఒక్క మాట చెబితే నేను కాలువ మొహం చూపిస్తానా మీకు? జలుబంటారా! నా చేతులతో తెచ్చి ముంచానే!"

మెర్సీ గోడకానుకుని నిలబడి ఉంది. ఆవిడ మెర్సీ వైపు తిరిగి, "తిట్టమ్మా, తిట్టు, పుణ్యముంటుంది" అంది.

"నాకు తిట్టే ఓపిక లేదండి" అంది మెర్సీ. ఆ తర్వాత, "పెళ్ళి ఆపేద్దాం" అంది.

శ్యాంబాబు నేల చూశాడు. నేను చేతులు ఊపాను, మంచం కమ్మీ మీద కొట్టాను. నా వైపు చూడలేదు. "ఆ ఒక్క మాట కోసం ఇంత చేశాడు. ఆ మాటే పోయింది. ఇంకెందుకు తొందర?" అంది.

పలక లాక్కుని రాశాను: వస్తుంది. గురువారానికి వస్తుంది.

మెర్సీ చదివింది. నర్సు కదా, తనకి తెలుసు వస్తుందో రాదో. తెలిసి కూడా, "సరే నాన్నా" అంది. బయటికి వెళ్ళిపోయింది. వెనకాల శ్యాంబాబు వెళ్ళాడు. వరండాలో మాటలు వినిపించాయి.

"నేను ఏడ్చేటప్పుడు నువ్వు నిలబడి చూడక్కర్లేదు."

"కూర్చుని చూస్తానండి. మోకాళ్ళ నొప్పులు కదా."

తర్వాత మెర్సీ ముక్కు చీదిన శబ్దం.

ఫిబ్రవరి 11, బుధవారం

రాలేదు. రేపటికి వస్తుంది.

ఫిబ్రవరి 13, శుక్రవారం

పెళ్ళి జరిగింది!

నిన్న రాయలేకపోయాను, తీసుకొచ్చి పడుకోబెట్టేశారు. డాక్టరమ్మ మధ్యాహ్నం దాకా వదిలింది. అంబులెన్సులో వెళ్ళాను. మెడకి తెల్ల గుడ్డ కట్టారు, మఫ్లర్ అనుకున్నారు చాలామంది. మెర్సీ తెల్లచీరలో, ముసుగులో! ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. శ్యాంబాబు కోటు భుజాల దగ్గర బిగుతు, చెయ్యి ఎత్తలేకపోతున్నాడు.

నేను మొదటి బెంచీలో. పక్కన సంపూర్ణమ్మ గారు.

అయ్యగారు అడిగారు. "ఈ కుమార్తెను ఇచ్చువారెవరు?"

లేచాను. నోరు తెరిచాను. నా సర్వశక్తీ పెట్టాను. మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుమని గుడ్డని కదిపింది. అంతే.

అయ్యగారు కరుణామయుడు. అన్నాననే అనుకుని తలూపి, పేజీ తిప్పారు. అందరూ తలలు వంచుకున్నారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోవాలని తెలుసు. కూర్చుంటే అయిపోతుంది, కూర్చోలేకపోయాను.

అప్పుడు సంపూర్ణమ్మ గారు లేచింది.

"అయ్యగారూ, నాకు వినబడలేదండి."

గుడంతా ఉలిక్కిపడింది. వెనక నుంచి ఎవరో, "ఈవిడకి ఇప్పుడు కూడానా!" అన్నారు. ఇంకెవరో, "కూర్చోవమ్మా, సిగ్గు లేదూ" అన్నారు. ఆవిడ అయ్యగారి వైపే చూస్తూ, "పిల్లని తీసుకునేది నేను. ఎవరిచ్చారో నాకు వినబడాలి. మళ్ళీ అడగండి" అంది. కూర్చోలేదు.

అయ్యగారు నా వైపు చూశారు. ముసుగులోంచి మెర్సీ నా వైపు చూసింది. పూలగుత్తి శ్యాంబాబు చేతిలో పెట్టేసింది. దిగి వచ్చింది. చేతికున్న తెల్ల తొడుగు ఒకటి లాగేసి, రుమాల్లోంచి స్పిరిట్ దూది తీసి వేలు తుడుచుకుంది. పెళ్ళికూతురి రుమాల్లో స్పిరిట్ దూది! నా మెడ గుడ్డ పక్కకి తీసింది. చెవిలో చెప్పింది, "గట్టిగా పీల్చు నాన్నా. నేను మూయగానే వదులు. ఒక్కసారే, రెండోసారికి ఊపిరి ఉండదు."

అయ్యగారు మళ్ళీ అడిగారు.

పీల్చాను. నా బిడ్డ తన వేలితో నా మెడ రంధ్రం మూసింది. గాలికి వేరే దారి లేక పైకి వచ్చింది. గడ్డని ఒరుసుకుంటూ, నోట్లోకి వచ్చింది. ఒక్క ఊపిరే కదా, ఇచ్చువాడను అన్నది వదిలేసి నేనే అనబోయాను.

"నే..."

అంతవరకే వచ్చింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. మెర్సీ వేలు తీసేసింది, నన్ను పట్టుకుంది. కానీ వచ్చింది! నే అంటే నేనే కదా! ఇంకేముంటుంది నే తర్వాత!

"చాలండి, వినబడింది. పుచ్చుకున్నాం" అంది సంపూర్ణమ్మ గారు. కూర్చుని కొంగు మొహం నిండా కప్పుకుంది.

మెర్సీ ఆ వేలికే ఉంగరం తొడిగించుకుంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

రేపే ఆపరేషన్. డాక్టరమ్మ పొద్దున్న వచ్చి కాగితం మీద సంతకం పెట్టించుకుంది. గడ్డ నెల కిందటికంటే పెద్దదైందంది, పక్కకి కూడా పాకిందేమో తెరిచి చూస్తేగానీ తెలియదంది. మెర్సీ ఏవో ఇంగ్లీషులో అడిగింది. నేను వాళ్ళిద్దర్నీ చూస్తూ కూర్చున్నాను. నాకేం భయం లేదు. అల్లుడు ఉన్నాడు. ఇప్పుడు నా పిల్ల చెయ్యి పట్టుకుని వరండాలో కూర్చునే మనిషి ఉన్నాడు.

కొత్త దంపతులు పెళ్ళయిన దగ్గర్నించీ ఆసుపత్రి బల్ల మీదే. రాత్రి నైట్ డ్యూటీ సిస్టరు వాళ్ళిద్దర్నీ చూసి, పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలంది. "మేమిద్దరం ఒక్కరమేనండి, గురువారం నుంచి" అన్నాడట శ్యాంబాబు. మెర్సీ చెప్పి నవ్వింది.

తొందరలో పై ఊళ్ళవాళ్ళని ఎవర్నీ పిలవలేకపోయాం. అందరికీ చెప్పాలి. మెర్సీకి గుర్తుండదు, నేనే రాసి పెడతాను.

తణుకులో మా చెల్లెలు సువార్తమ్మకి. చెవుడు, ఫోన్లో గట్టిగా చెప్పాలి. అన్నయ్య ఎందుకు మాట్లాడడం లేదని అడిగితే, పెళ్ళి పనుల్లో ఉన్నాడని చెప్పాలి.

రాజోలులో బావమరిది దావీదుకి. పెళ్ళి నీళ్ళ దగ్గర ఆగిపోయినప్పుడు మా వైపున నిలబడ్డాడు. ముంచినోళ్ళతోనే కలిశామని మెల్లగా చెప్పాలి.

పాలకొల్లులో పెద్దమ్మ కూతురు మరియమ్మకి. ఏడుస్తుంది. ఫోను పెట్టేయకుండా విని ఊరుకోవాలి.

నిడదవోలులో కరుణమ్మ వాళ్ళ అక్కకి, ఆవిడ పిల్లలకి. ఫోటోలు పంపాలి, మెడ గుడ్డ కనిపించనివి.

మండపేటలో శ్యాంబాబు చిన్నాన్నలిద్దరికీ. పిలవలేదని అలిగి ఉంటారు. సంపూర్ణమ్మ గారు చూసుకుంటుంది.

తాళ్ళరేవులో మా చిన్నాన్న కొడుకు జకరయ్యకి. ఇతను ఎవరు చెప్పినా నమ్మడు, నా నోటి వెంట వింటేనే నమ్ముతానంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. ఇతనికి రేపటి దాకా ఆగకూడదు. ఇవాళే చేయాలి, మెర్సీ క్యాంటీన్ నుంచి వచ్చి వేలు తుడుచుకోగానే.